పాతరలో పడుకోబెట్టిన ఎర్ర వైన్

ఎర్ర వైన్‌ను పాడుచేయాలంటే సీసాను ఎండలో పెడితే చాలు. మూత తీసి మరిచిపోయినా చాలు. అంత తేలికగా అయ్యే పనికి నేను మూడేళ్లు కష్టపడ్డాను. అత్తగారింటి ధాన్యం పాతరను, తులసిమాల వేసుకున్న మామగారిని, ఏడు రోజుల భజన సప్తాహం కోసం కూడిన ఊరినీ అందులోకి లాగాను. చివరికి తెల్ల చొక్కా ఎర్రగా తడిసి, అందరి ముందు శవంలా వెల్లకిలా పడుకున్నాను. ఆ వైభవం ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నాకు కామారెడ్డిలో కళ్లద్దాల దుకాణం ఉంది. ఫ్రేములు తయారుచేసే కంపెనీ ఒకటి, ఆ ఏడాది బాగా అమ్మిన దుకాణదారులను నాసిక్ తీసుకెళ్లి ద్రాక్షతోట చూపించింది. అంతవరకు పెళ్లిళ్లలో చాటుగా తాగే బీరు తప్ప మరొకటి ఎరగని నేను, అక్కడి నేలమాళిగలో చల్లటి చీకట్లో వరుసగా పడుకున్న సీసాలను చూసి మైమరచిపోయాను. వీటికి ఏళ్లు గడిచినకొద్దీ రుచి పెరుగుతుందని మమ్మల్ని తిప్పుతున్న అమ్మాయి చెప్పింది. నాకప్పుడు నలభై దగ్గర పడుతోంది, నడినెత్తి మీద జుట్టు సెలవు తీసుకుంటోంది. పాతబడితే విలువ పెరిగేది లోకంలో ఒకటి ఉందని వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇంటికొచ్చాక ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నెల తిరిగేసరికి పండితుణ్ణి అయిపోయాను. చవక వైన్లలో చాలామటుకు కొన్న ఏడాదే తాగేయడానికి చేసినవట. ఏళ్లపాటు నిలవాలంటే అందులో పులుపు ఉండాలి, నోరు పిడచకట్టేంత వగరుండాలి. ఇప్పుడు తాగితే ఏడుపొచ్చేదే రేపు బాగుపడుతుందన్నమాట. ఖరీదైనవి నాకు అందవు కాబట్టి, చవకలోనే వగరున్నవి ఏరుకుని దాచాలని తీర్మానించాను. ఏరే పనికి తోడుగా మా తోడల్లుడు శ్రీనును పిలిచాను. శ్రీను మా మరదలి భర్త. ఎల్లారెడ్డిలో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతాడు. తాగుతాడు, తాగుతానని చెబుతాడు కూడా. నాకు లేనిది ఆ రెండో గుణం.

మా దగ్గర మద్యం దుకాణాన్ని వైన్స్ అంటారని మీకు తెలుసు. అందులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయని నాకు ఆ రోజు తెలిసింది.

"ఏం గావాలె సార్?" అన్నాడు దుకాణదారు.

"ఎర్ర వైన్."

ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి, "ఇంట్ల ఎవలికన్న రక్తం తక్కువున్నదా సార్?" అన్నాడు.

"కాదు, దాచిపెట్టడానికి."

"దాసుడేంది? తాగరా?"

"తాగుతాం. మూడేళ్ల తర్వాత."

"మా అన్న అట్లనే మాట్లాడుతడు, నువ్వు ఇయ్యి," అని శ్రీను సర్దిచెప్పాడు. ఆయన పై అరలన్నీ వెతికి, దుమ్ము తుడిచి, రకానికొకటి చొప్పున బిరడా ఉన్న సీసాలు కొన్ని తీసిచ్చాడు.

మధ్యాహ్నం దుకాణానికి గిరాకీ లేని వేళ, లోపలి గదిలో, కళ్లు పరీక్ష చేసే కుర్చీలో శ్రీనును కూర్చోబెట్టాను. ఎదురుగా గోడ మీద అక్షరాల పటం. ఒక్కో రకం గ్లాసులో కొంచెం పోసి ఇస్తున్నాను. నా నాలుక మీద నాకు నమ్మకం లేదు గానీ శ్రీను ముఖం మీద పూర్తి నమ్మకం ఉంది. మొదటిది తాగి, "తియ్యగున్నదన్నా, మంచిగున్నది," అన్నాడు. దాన్ని పక్కన పెట్టేశాను. రెండోదానికి ఒక కన్ను మూసుకున్నాడు. మూడోదానికి రెండు కళ్లూ మూసుకుని, చెవులు కదిలించి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏందన్నా గిది? పచ్చి తునికిపండు నమిలినట్టున్నది! నాలుక అంగిటికంటుకున్నది!"

"అదే! అదే కావాలి!" అని ఎగిరి గంతేశాను.

మర్నాడు వైన్స్‌కు వెళ్లి ఆ మూడో రకం డజను సీసాలు కావాలన్నాను. "అది ఎవలూ కొనరు సార్, ఘోరంగుంటది," అన్నాడు పాపం, నిజాయితీపరుడు. అందుకే కొంటున్నానన్నాను. "ఇన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న. మంచిగలేనిది ఏరి ఇయ్యుమన్నోడు నువ్వొక్కనివే," అని దండం పెట్టి, నిజామాబాద్ నుంచి తెప్పించి ఇచ్చాడు.

కొనడం అయింది, దాచడం ఎక్కడ? మాది పై అంతస్తు. ఎండాకాలం మా ఇంట్లో పప్పు నానబెడితే సగం ఉడికిపోతుంది. ఫ్రిజ్‌లో పెడదామంటే నా భార్య సుమ తలుపుకు అడ్డం నిలబడింది. "ఇడ్లీపిండి యాడ వెట్టాలె? నీ నెత్తి మీద వెట్టాల్నా?" అంది. సరిగ్గా అప్పుడే నాకు మామగారి పాతర గుర్తొచ్చింది.

మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డి దాటి మహమ్మద్‌నగర్ వైపు ఉంటుంది. వెనక గదిలో, వాళ్ల తాతలనాటి ధాన్యం పాతర ఉంది. నేలలోకి తవ్విన గొయ్యి, చుట్టూ రాతికట్టు, పైన మనిషి దిగేంత నోరు, దాని మీద ఒక బండ. పంట కల్లం నుంచే అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో దాన్ని ఎవరూ వాడటం లేదు. ఒకసారి బండ జరిపి దిగి చూశాను. వేసవి మధ్యాహ్నం కూడా లోపల హాయిగా, చల్లగా ఉంది. నాసిక్‌లో కోట్లు పెట్టి కట్టుకున్నది మా మామగారింట్లో ఊరికే పడి ఉంది.

చిక్కల్లా మామగారే. లింబాద్రి మామ పండరి పాండురంగడి మాల వేసుకున్న మనిషి. పెళ్లి కాకముందే మెడలో తులసిమాల పడింది. ఆనాటి నుంచి మాంసం లేదు, మద్యం లేదు, ఆ వాసన కూడా ఇంటి గడప దాటి రాకూడదు. శ్రీను పండక్కి వస్తే ఆయన వడ్డిస్తాడు గానీ మాట్లాడడు. నా విషయం వేరు. "మా పెద్దల్లుడు బంగారం, సుక్క ముట్టడు," అని ఊళ్లో కనబడిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. నాకు తండ్రి లేడు. ఆయన నా భుజం మీద చెయ్యేసి "ఈయన నా పెద్దకొడుకు" అని పదిమందికి చూపించినప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆ చెయ్యి నా భుజం మీంచి జారిపోతే నేను తట్టుకోలేను. అది తెలిసి కూడా పాతరలోకి సీసాలు దించాను చూడండి, అక్కడుంది నా తెలివి.

అత్తామామలు తొలి ఏకాదశికి పండరి వెళ్లినప్పుడు ఇల్లు చూసుకుంటానని నేనే ముందుకొచ్చాను. "అల్లుడంటే గిట్లుండాలె," అని మామ కళ్లు చెమర్చాయి. ఆ బస్సు ఊరు దాటగానే నేనూ శ్రీనూ పనిలో పడ్డాం. పాతర అడుగున వరిగడ్డి పరిచి, సీసాలను పసిపిల్లల్లా పక్కపక్కన పడుకోబెట్టి, మీద మళ్లీ దట్టంగా గడ్డి కప్పి, గోనెసంచులు పరిచి, బండ మూసేశాం.

"మా బాపుకు తెలిస్తే నిన్ను ఈ ఇంట్ల అడుగువెట్టనియ్యడు. నాకు ఎరుకలేదనుకో," అని సుమ చేతులు దులుపుకుంది.

రెండేళ్లు నిశ్చింతగా గడిచాయి. వెళ్లినప్పుడల్లా బండ మీద కూర్చుని టీ తాగేవాణ్ణి. మూడో ఏడు పంట కోతలయ్యాక మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, శుభవార్త. ఈసారి సప్తాహం మన ఇంటి ముంగటనే. ఆఖరి దినం ఊరంతటికి అన్నం మనమే వెడుతున్నం. నా బాపు లెక్క మన పొలంల వడ్లే పాతరల వోసిన."

"పోశావా మామా? నిండానా?"

"నోటి దాక. ఇంకో గమ్మతి సూడు. లోపల ఎవలో ముందుగాలనే గడ్డి పరిసి, సంచులేసి తయారువెట్టిండ్రు. మీ అత్తమ్మ నేను గాదంటున్నది. ఆ పాండురంగనిదే లీల!"

పాండురంగడి లీలకు కర్త కామారెడ్డిలో కూలబడ్డాడు. వెంటనే శ్రీనుకు ఫోన్ చేశాను.

"ఏం గాదన్నా," అన్నాడు శ్రీను. "వడ్లు తీసేటప్పుడు నువ్వే దిగు. అడుగు దాక పోకుండ మీది మీద తీసి, అయిపోయినయని చెప్పు."

అంతకన్నా మంచి ఉపాయం నాకు తోచలేదు. తోచి ఉంటే మీరు ఇది చదివేవారు కాదు.

సప్తాహానికి వారం ముందు వడ్లు తీసి బియ్యం పట్టించడానికి గిర్నీకి పంపాలి. ఆ ఉదయం భజన చేసేవాళ్లంతా తాళాలు, మృదంగంతో వచ్చారు. కీర్తన చెప్పే పెద్దాయన, అందరూ మహారాజ్ అంటారు, ఆయనా వచ్చి చాప మీద కూర్చున్నాడు. బండకు పసుపుకుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి జరిపారు. లోపల గాలి మంచిదో కాదో చూడటానికి తాడు కట్టి దీపం దింపారు. దీపం ఆరలేదు. ఆరిపోతే బాగుండునని ఆ క్షణం మొక్కుకున్నది నేనొక్కణ్ణే.

"నేను దిగుతా మామా!" అన్నాను.

"నువ్వు దిగుడేంది అల్లుడా? తెల్ల అంగి ఖరాబైతది. ఎవలన్న దిగుతరు."

"అంగిదేముంది మామా? ఈ పుణ్యం నాకే దక్కాలి."

"సూసిండ్రా నా పెద్దల్లుని!" అని మామ అందరివైపూ తిరిగాడు. భజనవాళ్లు తాళాలు మోగించారు. నేను సైనికుడిలా లోపలికి దిగాను.

దిగగానే అనుమానం వచ్చింది. చల్లగా ఉండాల్సిన పాతర, నీళ్లు కాగే హండా పక్కన నిలబడ్డట్టు వెచ్చగా ఉంది. కుప్పపోసిన గింజ వేడెక్కుతుందని ఊళ్లో కల్లం ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ఫోన్‌లో చదువుకున్న పండితుడికి తెలియదు. పైగా పుల్లటి వాసన ఒకటి ముక్కులో గుచ్చుకుంటోంది. నేను గంపలోకి వడ్లు ఎత్తుతున్నాను, పైన శ్రీను తాడు లాగుతున్నాడు. చాలా గంపలు వెళ్లాక ఒక మూల కాలికి గడ్డి తగిలింది.

"ఇక చాలు మామా, అయిపోయాయి!" అని అరిచాను.

"అయిపోయినయా? సగం గూడ రాలె గదా!"

"ఎలుకలు తిన్నట్టున్నాయి!"

"రాతి పాతరల ఎలుకలేంది అల్లుడా? మంచిగ సూడు!"

పైన ఎవరో "ఏందీ పులుపు వాసన?" అన్నారు. "పామేమన్న సచ్చిందా?" అన్నారు ఇంకెవరో. పాము మాట వినగానే నా ఒళ్లు జలదరించి ఒకడుగు వెనక్కి వేశాను. గడ్డి కింద సీసా దొర్లింది, దాంతోపాటు నేనూ దొర్లాను. మిగతా సీసాల మీద బోర్లా పడ్డాను. వేడికి బిరడాలు అప్పటికే సగం పైకి తోసుకొచ్చి ఉన్నాయి. రెండు మూడు ఒకేసారి ఎగిరిపోయాయి. మెడ నుంచి నడుము దాకా ఎర్రటి ఊట. "అమ్మా!" అని నేను పెట్టిన కేక మహమ్మద్‌నగర్ దాకా వినబడి ఉంటుంది.

తాడు పట్టుకోమన్నారు. నలుగురు కలిసి నన్ను బయటికి లాగారు. నా తెల్ల చొక్కా చూసి అత్తమ్మ, "నెత్తురో! నా అల్లునికి నెత్తురో!" అని గుండెలు బాదుకుంది. తాళాలు ఆగిపోయాయి. నన్ను చాప మీద పడుకోబెట్టారు. ఏం చెప్పాలో తెలియనప్పుడు కళ్లు మూసుకోవడమే మంచిదని, నేను శ్వాస కూడా తక్కువగా తీసుకుంటూ పడి ఉన్నాను. అప్పుడు వినబడింది మామ ఏడుపు.

"నేనే దింపిన గదరా... నా సేతులార దింపిన... కొడుకా, కండ్లు తెరువు కొడుకా!"

ఆ సీసాల కోసం చాలా అబద్ధాలాడాను గానీ, ఆ ఏడుపు వింటూ కళ్లు మూసుకుని పడుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. లేవబోయేంతలో అత్తమ్మ నా చొక్కా మీదికి వంగి వాసన చూసింది.

"నెత్తురు గిట్ల పుల్లగుంటదా?"

భజనవాళ్లలో ఒకాయన అప్పటికే పాతరలోకి దిగి, సీసా ఒకటి పైకి అందించాడు. దాని మీద ద్రాక్షగుత్తి బొమ్మ ఉంది. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, నా వైపు కాదు, శ్రీను వైపు తిరిగాడు.

"గిది నీ పనేనా?"

శ్రీను తల వంచుకున్నాడు. నా పేరు చెప్పలేదు. ఆ మంచితనం చూసి నేను నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. లేచి కూర్చుని, "మామా, అది ద్రాక్షారిష్టం! ఆయుర్వేదం! పాతబడితే బాగా పనిచేస్తుందని దాచాను. నీ కడుపు ఉబ్బరానికి!" అనేశాను.

మామ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆయనకు ఏళ్ల తరబడి అజీర్తి. "నా కోసమా? గింత కాలం చెప్పకుండ దాసినవా?" అని నా తల నిమిరాడు. "కన్న కొడుకు గూడ గింత జెయ్యడు!" అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మహారాజ్ కూడా గొంతు సవరించుకుని, "నాకు గూడ జర కడుపుల మంట ఉన్నది లింబాద్రీ," అన్నాడు. ఇంకెవరో మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందా అని అడిగారు.

మామ సీసా మూత తీయించాడు. ఇత్తడి గిన్నెలో కొంచెం పోయించాడు. ఎడమ చేత్తో మెడలో మాలను కళ్లకద్దుకుని, "పాండురంగా," అని గిన్నె పెదాల దాకా ఎత్తాడు. సుమ స్తంభం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నా పెళ్లి కంటే, నా భార్య కంటే పాతదైన మాల ఆ మెడలో ఉంది. నా పరువు కోసం అది మైలపడబోతోంది.

ఎగిరి మామ చెయ్యి పట్టుకున్నాను. గిన్నె ఒలికిపోయింది.

"తాగకు మామా! ద్రాక్షారిష్టం కాదది, వైన్! నేనే కొన్నాను, నేనే దాచాను. శ్రీనుది ఏ తప్పూ లేదు. నేనూ చాటుగా అప్పుడప్పుడు తాగుతాను."

మహారాజ్ నేల మీద ఒలికినదాన్ని వేలికద్దుకుని వాసన చూసి, ముక్కు ముడిచి, "వైన్ ఎప్పుడో పోయింది. గిది సిర్కా," అన్నాడు. అత్తమ్మ కూడా వాసన చూసి, "అవును, ఉల్లిగడ్డలల్ల వోస్తరు సూడు, గదే," అంది. మూడేళ్ల తపస్సు, శ్రీను కళ్లు మూసుకుని ఎంపిక చేసిన వగరు, నా నాసిక్ కల, అన్నీ కలిసి ఉల్లిగడ్డలు నానబెట్టే వెనిగర్‌గా తేలాయి.

మామ ఒలికిన గిన్నెను పక్కకు జరిపాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు.

"అల్లుడా, దాసినందుకు నాకు మస్తు కోపమున్నది. గది గిప్పుడే పోదు. గానీ నీ ఇజ్జత్ పోతదని తెలిసి గూడ, అందరి ముంగట నా సెయ్యి వట్టుకున్నవు. నా మాల కాపాడినవు. గంతకంటె కొడుకు జేసేదేమున్నది?"

నాకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తడి ఆరకముందే మామ మహారాజ్ వైపు తిరిగాడు.

"మహారాజ్, మీ సంచిల ఇంకో మాల ఉన్నదా?"

ఉంది. ఎందుకుండదు? ఊరంతా చూస్తోంది, మామ చెయ్యి భుజం మీద ఉంది, అత్తమ్మ ఆనందంతో ఏడుస్తోంది. నా మెడలో తులసిమాల పడింది. ఇక మద్యం లేదు, మాంసం లేదు. తాళాలు మళ్లీ మోగాయి. మిగిలిన సిర్కాతో అత్తమ్మ సప్తాహం గుండిగలన్నీ తోమించింది. అవి అంతగా మెరవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదట. ఊరివాళ్లు వాటిలో తమ ముఖాలు చూసుకుని నన్ను మెచ్చుకున్నారు.

సప్తాహమైన నెలకు శ్రీను ఫోన్ చేశాడు.

"అన్నా, నీకొకటి చెప్పాలె. తిట్టొద్దు. అప్పుడు పాతరల వెట్టేటప్పుడు ఒక సీసా నేను నడుముల జెక్కుకున్న."

"దొంగా! తాగేశావా?"

"ఆ వగరు యాదికొచ్చి తాగబుద్ధి గాలె. మా ఇంట్ల తాగేనీళ్ల కుండ కింద తడి ఇసుకుంటది గదా, అండ్ల వాతిపెట్టి మరిచిపోయిన. గియ్యాల కుండ మారుస్తుంటే దొరికింది. గిప్పుడే తెరిచిన."

"ఎలా ఉందిరా?"

అటువైపు ఒక గుటక వినబడింది. తర్వాత ట్రాక్టర్లు బాగుచేసే మా శ్రీను, పాటగాడిలా మెల్లగా అన్నాడు.

"అన్నా... మాగిన నేరెడుపండు లెక్కున్నది. వగరు యాడికి పోయిందో తెల్వదు. గొంతుల దిగినంక గూడ ఇంకా ఉన్నట్టే ఉంటది. నువ్వు చెప్పింది నిజమేనే! మస్తు ఏరినవన్నా!"

మెడలో మాలను తడుముకుంటూ, దుకాణంలో కళ్లద్దాల మధ్య కూర్చుని, నేను ఏరిన వైన్ రుచిని చెవితో తాగాను.

అందుకని పాఠక మహాశయులారా, ఈ మాల మీద చెయ్యేసి, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ వైన్ కొనను, ఏరను, పాతరలోనే కాదు, కుండ కింద కూడా దాచను, ఒక్క చుక్క నోట పెట్టను. శ్రీను నిన్ననే కుండ కింద ఇసుక కొత్తగా మార్చి, తనే కొన్న ఇంకో సీసా పాతిపెట్టాడు. తెరిచిన రోజు ఫోన్ చేస్తానన్నాడు. వినకూడదని మాత్రం మహారాజ్ ఎక్కడా చెప్పలేదు.